కోర్‌బ్రిడ్జ్ కవచం: భుజం మీద ఇత్తడి బందు పగిలింది. మళ్లీ చేయాలా, రివెట్టు కొట్టి వదిలేయాలా?

#1 · కొలిమి_బాలానగర్

అందరికీ నమస్కారం. సలహా కావాలి. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నాది బాలానగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. పగలంతా ప్యానెల్ బోర్డుల డబ్బాలు, ఏసీ డక్టులు చేస్తాం. రాత్రి 8 దాటాక షెడ్డులో నేనొక్కడినే ఉంటాను. 14 నెలలుగా ఆ గంటల్లో రోమన్ సైనికుడి పట్టీల కవచం చేస్తున్నాను. లోరికా సెగ్మెంటాటా అంటే మీలో చాలామందికి తెలుసు. ఆ పేరు పెట్టింది రోమన్లు కాదు, చాలా శతాబ్దాల తర్వాతి పండితులు.

ఊహించి ఏదో ఒక రోమన్ కవచం చేయడం నాకు ఇష్టం లేదు. ఫలానా చోట దొరికిన ఫలానా వస్తువు, దానికే నకలు చేయాలనుకున్నాను. 1964లో ఇంగ్లండ్ ఉత్తరాన, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర కోర్‌బ్రిడ్జ్‌లో తవ్వకాలు జరుగుతుంటే ఇనుప పట్టీలు బిగించిన ఒక చెక్కపెట్టె బయటపడింది. అందులో ఈ కవచాల భాగాలు, ఈటె మొనలు, పనిముట్లు, మేకులు ఉన్నాయి. తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ తుప్పే తోలు పట్టీల ఆనవాళ్లను కూడా కాపాడింది. ఏ రేకు ఏ రేకుకు తగులుకుంటుందో లోకానికి మొదటిసారి సరిగ్గా తెలిసింది ఆ పెట్టెతోనే. అందులోని రెండు రకాల్లో నేను ఎంచుకున్నది ఎ రకం. నడుము చుట్టూ 8 జతల పట్టీలు, వాటిపైన ఛాతీ, వీపు, భుజాల రేకులు.

1 మిల్లీమీటరు సీఆర్ షీట్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) వాడాను. అసలు రేకులు కూడా దాదాపు అంతే మందం. పట్టీలన్నీ చేత్తోనే వంచాను, రోలింగ్ మెషీన్ పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. లోపలి తోలు తంగేడు చెక్కతో పదును చేసింది, దానికోసం రెండు ఊళ్లు తిరిగాను. రివెట్లు ఇత్తడి తీగ కోసి ఒక్కొక్కటీ చేత్తో చేసినవి.

భుజం రేకుల్ని కలిపే తమ్మెల బందులు 8. పువ్వు రేకుల్లా అంచు తిరిగి ఉంటాయి, మధ్యలో పిన్ను. ఒక్కో బందుకు నాకు రెండు రాత్రులు పట్టింది. మొన్నటికి మొత్తం కూర్చి స్టాండుకు తగిలించి 5 రోజులు. ఎవరూ ముట్టుకోలేదు, దెబ్బ తగల్లేదు. ఆ పొద్దున వచ్చి చూస్తే ఎడమ మెడరేకు బందు మడత దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. రేకు వేలాడుతోంది.

మళ్లీ చేయాలా? లేక పగిలిన చోట రివెట్టు కొట్టి వదిలేయాలా? అసలు ఎందుకు పగిలిందో కూడా అర్థం కావడం లేదు. రెండు రోజులుగా టెన్షన్‌తో మిగతా ఏడింటినీ చూసుకుంటూ తిరుగుతున్నాను.


#2 · తొలిమెట్టు

అన్నా, ఫొటోలు చూసి నోట మాట రాలేదు. నేను డిగ్రీ రెండో సంవత్సరం, చరిత్ర. ఒక్క సందేహం. బందు అంత బలహీనమైతే దాన్నెందుకు పెట్టారు? ఒకే రేకుగా వంచేస్తే పోయేది కదా?


#3 · గోడపక్క (న్యూకాజిల్)

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ బందును చెత్తలో పారేయకు.

కోర్‌బ్రిడ్జ్ మాకు రైల్లో గంటలోపు. ఆ మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కూడా మెరిసే కవచం చూస్తానని ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది గోధుమరంగు తుప్పు గడ్డలు. కాసేపు దగ్గరగా నిలబడి చూస్తే అప్పుడు ఒక్కొక్కటీ కనబడడం మొదలవుతుంది. ఇక్కడ ఒక రివెట్టు, అక్కడ బందు ముక్క, ఇంకోచోట బందు పోయి దాని బదులు రెండు రేకుల్ని నేరుగా కలిపి కొట్టిన రివెట్టు.

అవి కొత్త కవచాలు కావు. వాడి, విరిగి, మళ్లీ అతుకులు వేసి వాడినవి. నువ్వు చూస్తున్న ఇబ్బంది ఆ కవచం తొడుక్కున్నవాళ్లు కూడా చూశారు. బ్రిటన్‌లో, జర్మనీలో సైనిక శిబిరాల తవ్వకాల్లో విరివిగా దొరికే కవచం ముక్కల్లో ఈ తమ్మెల బందులు ముందు వరుసలో ఉంటాయి. అంటే అక్కడే ఎక్కువగా తెగిపోయేవి.

తొలిమెట్టు చెల్లీ, నీ ప్రశ్న బాగుంది. భుజం మీద ఒకే రేకు ఉంటే చెయ్యి పైకెత్తగానే అది మెడలో పొడుస్తుంది. ఛాతీ రేకు, భుజం మీది రేకు, వీపు రేకు విడివిడిగా కదలాలి. తొడుక్కునేటప్పుడు, పెట్టెలో సర్దేటప్పుడు మడవడానికీ బందు కావాలి. బలహీనమని తెలిసినా అందుకే పెట్టారు.


#4 · ఇత్తడిరేకు

బందు ఫొటో పెద్దది చేసి చూశాను. మాది పెంబర్తి. తాతల కాలం నుంచి ఇత్తడి రేకు మీద నగిషీ పనే, గుళ్ల తొడుగులు, పళ్లేలు, జ్ఞాపికలు చేస్తాం. కాబట్టి రోమ్ గురించి కాకుండా రేకు గురించే అడుగుతాను.

మడిచే ముందు కాల్చారా? మడిచాక మళ్లీ కాల్చారా? తెల్లగా మెరుస్తోంది, పైన పూసింది ఏంటి?


#5 · కొలిమి_బాలానగర్

అన్నా, మడిచే ముందు ఒకసారి కాల్చాను, ఎర్రబడేదాకా. మడిచాక కాల్చలేదు.

తెల్లగా ఉన్నది కళాయి. రోమన్ల బెల్టు బిళ్లల మీద, కొన్ని పొలుసుల కవచాల మీద తగరం పూత ఉంటుందని చదివి, అందం కోసం నేనూ వేశాను. మా బస్తీలో ఒకప్పుడు గిన్నెలకు కళాయి వేసిన పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. రేకు చదునుగా ఉన్నప్పుడే నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో తుడిచాను. ఆ తర్వాత పిన్ను చుట్టూ చల్లగానే మడిచి, రివెట్లు కొట్టాను.


#6 · లోహం_రిటైర్డ్

జవాబు మీ మాటల్లోనే ఉంది బాబూ. నవసాగరం.

నేను 31 ఏళ్లు మెటలర్జీ ల్యాబులో పనిచేశాను. విరిగిన ఇత్తడి ముక్కలు వందల్లో చూసి ఉంటాను. దెబ్బ లేకుండా, బరువు లేకుండా, కొన్నాళ్ల తర్వాత దానంతట అది చీలిందంటే ముందుగా అనుమానించాల్సింది అమోనియాని. నవసాగరం అంటే అమ్మోనియం క్లోరైడ్. చల్లగా మడిచిన ఇత్తడిలో ఒత్తిడి దాగి ఉంటుంది. మడత బయటి అంచు ఎప్పుడూ లాగబడుతూనే ఉంటుంది. ఆ మడతలో నవసాగరం మిగిలి, దానికి గాలిలోని తేమ తోడైతే, లోహపు రేణువుల సరిహద్దుల వెంట పగులు పాకుతుంది. పైకి ఏమీ కనబడదు. ఒకరోజు పొద్దున చూస్తే చీలి ఉంటుంది.

ఈ జబ్బు బయటపడింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం ఇత్తడి తూటా తొడుగుల్ని వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. తుపాకీలో పేల్చకుండానే ఆ తొడుగులు పగిలిపోయేవి. వానల కాలంలో జరుగుతోంది కాబట్టి రుతువుతో వచ్చే పగులు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, తూటా తొడుగును సాగదీసినప్పుడు దానిలో మిగిలిన ఒత్తిడి, ఈ రెండూ కలిస్తేనే ఇది జరుగుతుందని 1921లో తేల్చారు. విరుగుడు చాలా తేలిక. ఆకారం వచ్చాక మరోసారి వేడి చేసి ఆ ఒత్తిడి తీసేయడమే.

ఇంకొకటి. ఇత్తడిలో జింకు ఎంత ఎక్కువైతే ఈ జబ్బు అంత తేలిగ్గా పడుతుంది. మీరు రాణిగంజ్‌లో కొన్న రేకు బహుశా 63 పాళ్లు రాగి, 37 పాళ్లు జింకు. రోమన్ల కాలంలో జింకును విడిగా తీయడం లేదు. రాగి ముక్కల్ని జింకు ఖనిజం, బొగ్గుతో కలిపి మూసిన మూసల్లో కాల్చేవారు. ఆవిరైన జింకు రాగిలోకి ఇంకేది. ఆ పద్ధతిలో జింకు 28 శాతం దాటడం కష్టం. వాళ్ల ఇత్తడి మీ ఇత్తడికన్నా ఎర్రగా ఉండేది, మెత్తగా వంగేది, ఈ పగుళ్లకు ఎక్కువ ఓర్చుకునేది.

భూతద్దం పెట్టి మిగతా ఏడు బందుల మడతలు చూడండి. ఇది వాయిదా వేయవద్దు.


#7 · కొలిమి_బాలానగర్

సార్, చూశాను. ఇంకో మూడింటిలో సన్నని గీతలు ఉన్నాయి. వెంట్రుకంత. ఒకదాన్ని వేలితో నొక్కితే పటుక్కున విరిగింది.

ఒక రకంగా బాధ, ఒక రకంగా మనసు తేలికపడింది. నా చెయ్యి బాగాలేదేమో అనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు.


#8 · ఇత్తడిరేకు

చెయ్యి బాగానే ఉంది తమ్ముడూ. ఆ అంచుల తిరుగుడు చూస్తే తెలుస్తోంది. వరుస తప్పింది, అంతే. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి ఏడాది చెప్పేది ఇదే: రేకు మాట వినడం మానేసిందంటే పొయ్యి దగ్గరకు తీసుకెళ్లు.

నేనైతే ఇలా చేస్తాను. దొరికితే 80కి 20 ఇత్తడి (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు) తీసుకో. బొమ్మ గీసి కోసుకున్నాక, సాయంత్రం మసక వెలుతురులో, ట్యూబులైటు ఆపేసి కాల్చు. వెలుతురు ఎక్కువుంటే ఎరుపు కనబడక ఎక్కువ కాల్చేస్తాం, రేకు మీద నారింజతొక్కలా గరుకు వస్తుంది. సన్నని ఎరుపు రాగానే తీసేయాలి. చల్లారాక సగం మడువు. మళ్లీ కాల్చు. మొత్తం మడువు, లోపల పిన్ను బదులు ఇనుప తీగ పెట్టు, గొట్టం చదునుకాదు. చివరగా ఇంకోసారి తక్కువ వేడి. కళాయి వేయాలనుకుంటే అన్నిటికన్నా చివర, రివెట్లు కొట్టే ముందు. తర్వాత మడత లోపలికి వేడినీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, మూడుసార్లు కడుగు. ఎండలో ఆరబెట్టు.

తమ్మెల మధ్య ఉబ్బు రావాలంటే చెక్క మీద కొట్టకు, అంచు చిరుగుతుంది. పళ్లెంలో లక్క, మైనం, ఇటుక పొడి కలిపి కరిగించి పోసుకో, రేకును దాని మీద అంటించి కొట్టు. కింద ఆనిక మెత్తగానూ గట్టిగానూ ఉంటుంది, సుత్తి ఎక్కడ దిగితే అక్కడే దిగుతుంది.

కాల్చేటప్పుడు తలుపులు తెరిచి పెట్టు. ఇత్తడి మరీ వేడెక్కితే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. మా చిన్నాన్న ఒకసారి మూసిన గదిలో పని చేసి రాత్రంతా చలిజ్వరంతో వణికాడు. జీఐ షీట్ (జింకు పూత ఉన్న ఇనుప రేకు) అయితే అసలు మంటలో పెట్టకండి, ఎవరైనా సరే.


#9 · రైన్_తీరం (ఫ్రాంక్‌ఫర్ట్)

గోడపక్క అన్నతో నేను ఒప్పుకోలేకపోతున్నాను. గౌరవంతోనే చెబుతున్నాను.

నేను సాల్‌బుర్గ్ దగ్గర ఉంటాను. 1897 నుంచి 1907 దాకా పాత పునాదుల మీద మళ్లీ కట్టిన రోమన్ కోట అది. అక్కడికి వచ్చే చాలా రోమన్ వేషాలు చూస్తుంటాను. కొందరు కొత్త కవచం కొనుక్కుని, ఆసిడ్ పోసి తుప్పు పట్టించి, సుత్తితో సొట్టలు పెట్టి, 'యుద్ధం చూసిన కవచం' అంటారు. ఆ సొట్టల వెనక జరిగిందేమీ లేదు. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

బాలానగర్ తమ్ముడి బందు పగిలింది ఏ సైనికుడూ దాన్ని వాడినందుకు కాదు. కళాయి ఉప్పు వల్ల, మన కాలపు 63 పాళ్ల ఇత్తడి వల్ల. దాని మీద కోర్‌బ్రిడ్జ్ పద్ధతిలో రివెట్టు కొడితే అది కోర్‌బ్రిడ్జ్ అతుకు అవదు. మన తప్పు మీద రోమన్ పేరు అతికించినట్టు అవుతుంది. మళ్లీ చేయాలి. మొత్తం ఎనిమిదీ.


#10 · గోడపక్క (న్యూకాజిల్)

నేను చెప్పింది దొంగ సొట్టల గురించి కాదు రైన్_తీరం. నా బాధ వేరే. మనం చేసే నకళ్లలో ప్రతి రేకూ అద్దంలా ఉంటుంది, ప్రతి రివెట్టూ స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంటుంది. ఆ అందం చూసి జనం అసలువి కూడా అలాగే ఉండేవనుకుంటారు.

బ్రిటిష్ మ్యూజియంలో లండన్‌లో దొరికిన ఒక శిరస్త్రాణం ఉంది. దాని మెడరేకు మీద నలుగురు యజమానుల పేర్లు ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు అదే టోపీ పెట్టుకున్నారు. పాత పేరు కొట్టేయకుండా పక్కన తమ పేరు చెక్కుకున్నారు. నా దృష్టిలో ఆ మెడరేకు ఎంత నగిషీ ఉన్న శిరస్త్రాణానికన్నా గొప్పది. నకలు చేసేవాళ్లలో ఆ నాలుగు పేర్లూ చెక్కేవాళ్లు ఎంతమంది?


#11 · రైన్_తీరం (ఫ్రాంక్‌ఫర్ట్)

ఆ నాలుగు పేర్లూ ఆ టోపీ మీద ఉన్నాయి కాబట్టి, ఆ టోపీకి నకలు చేసేవాడు తప్పకుండా చెక్కాలి. అందులో మన ఇద్దరిదీ ఒకే మాట. వేరే టోపీ మీద ఊహించి చెక్కకూడదు, అంతే నేను అనేది.

ఇదే మాట రాబిన్‌సన్ పనికీ వర్తిస్తుంది. లండన్ టవర్ ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్‌సన్, కోర్‌బ్రిడ్జ్ తవ్విన చార్లెస్ డేనియల్స్‌తో కలిసి ఆ తుప్పుగడ్డల నుంచి మొదటి సరైన నకలు చేశారు. ఆయన కవచాలు చేయడం తెలిసిన మనిషి కాబట్టే అది సాధ్యమైంది. ఆస్ట్రియాలో కార్నుంటుమ్ శిబిరంలో 1899లోనే ఇలాంటి రేకులు కుప్పగా దొరికాయి. వాటిని చూసినవాళ్లు పండితులే, కానీ కూర్పు తేలలేదు. పట్టీలన్నీ ఒక తోలు చొక్కా మీద కుట్టి ఉండేవని చాలాకాలం బొమ్మలు వేశారు. కోర్‌బ్రిడ్జ్‌తో తేలిందేంటంటే చొక్కా లేదు, లోపల నిలువు తోలు పట్టీలు మాత్రమే, వాటి మీద వేలాడుతూ పట్టీలు ఒకదాని కిందికి ఒకటి జారుతాయి. చేత్తో చేసి, తొడిగి, వంగి చూస్తేనే ఆ కదలిక అర్థమవుతుంది.


#12 · ఇనుపరింగులు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను గొలుసు కవచం చేస్తున్నాను, మూడో ఏడు. ఒక వరుస తీగతో చుట్టి రివెట్టు కొట్టిన రింగులు, ఒక వరుస రేకు నుంచి ఒకే ముక్కగా కోసిన రింగులు, మళ్లీ రివెట్టు వరుస. ఒక్కో రింగు నాలుగింటిని పట్టుకుంటుంది. నావి బయటి కొలత 7 మిల్లీమీటర్లు. ఛాతీ భాగం అయింది, భుజాలు మిగిలాయి.

పట్టీల కవచానికి ఇంత చర్చ జరుగుతుంటే మాకు అసూయగా ఉంది. అది వచ్చాక కూడా గొలుసు కవచం ఎక్కడికీ పోలేదు. పట్టీల కవచం పోయాక కూడా ఉంది. రింగు తెగితే ఇంకో రింగు వేస్తే చాలు, బందు గొడవ లేదు.


#13 · తొలిమెట్టు

రెండు ప్రశ్నలు, తప్పైతే క్షమించండి.

ఒకటి, ట్రాజన్ స్తంభం మీద కాల్బలం అందరూ పట్టీల కవచంలోనే ఉన్నారు కదా. మరి గొలుసు కవచం ఎవరు వేసుకునేవారు?

రెండు, మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు రోమ్ దాకా వెళ్లిందని, రోమన్ కవచాలు దానితోనే చేశారని ఒక వీడియోలో చూశాను. నిజమేనా?


#14 · రైన్_తీరం (ఫ్రాంక్‌ఫర్ట్)

స్తంభం గురించి నేను చెబుతాను. అది క్రీ.శ. 113లో రోమ్‌లో పెట్టింది. శిల్పులు నగరంలో కూర్చుని చెక్కారు. చూసేవాడికి ఎవరు ఎవరో దూరం నుంచే తెలియాలని రోమ్ ప్రధాన కాల్బలమైన లీజియన్ సైనికులకు పట్టీలు, సహాయక దళాలకు గొలుసు కవచం అని దాదాపు యూనిఫాంలా విడగొట్టారు. స్తంభం మీద చెక్కింది డేసియన్లతో జరిగిన యుద్ధం, అదే యుద్ధం గురించి నేటి రొమేనియాలోని ఆడమ్‌క్లిసిలో ఇంకో స్మారకం ఉంది, 109 నాటిది. అక్కడి పలకల మీద లీజియన్ సైనికులు గొలుసు కవచంలో, పొలుసుల కవచంలో ఉన్నారు. చేతికి పట్టీల తొడుగు కూడా ఉంది. డేసియన్ల వంపు కత్తి చెయ్యిని నరకకుండా అది. చెక్కడపు పని మోటుగా ఉంటుంది కానీ, కవచాల విషయంలో నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఆ చేతి తొడుగు లాంటిదే నిజమైన ఇనుపది 2001లో ఇంగ్లండ్‌లోని కార్లైల్ తవ్వకాల్లో దొరికింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు స్తంభం బొమ్మ చూసి కవచం కోయొద్దని నా మనవి. దొరికిన వస్తువు దగ్గర నుంచి మొదలుపెట్టండి.


#15 · లోహం_రిటైర్డ్

రెండో ప్రశ్న నాది. అమ్మా, ప్రశ్నలో తప్పేం లేదు, వీడియోలోనే తొందరపాటు ఉంది.

కోనసముద్రం మూసల ఉక్కు పేరు మోగింది రోమ్ పడిపోయిన వెయ్యేళ్లకు పైగా తర్వాత. పర్షియా వ్యాపారులు దానికోసం వచ్చేవారు. దాన్ని తగ్గించి చూపాల్సిన పనిలేదు, అలాగని రోమ్‌తో ముడిపెట్టాల్సిన పనీ లేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో మన దేశపు ఇనుము, ఉక్కు ఓడల్లో ఎర్రసముద్రపు ఆఫ్రికా తీరానికి వెళ్లిన మాట మాత్రం నిజం, ఆ కాలపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో ఉంది.

కవచం సంగతి వేరు. మూసల ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అది కత్తి అంచుకు బంగారం లాంటిది, కానీ 1 మిల్లీమీటరు రేకుగా సాగగొట్టాలంటే చిట్లిపోతుంది. ఈ పట్టీలకు కావాల్సింది వంగే మెత్తని ఇనుము. అప్పటి ఇనుము బట్టీలో ముద్దగా వచ్చేది, మధ్యలో కిట్టం చారలు ఉండేవి. కొట్టి కొట్టి ఆ కిట్టాన్ని బయటికి తోలేవారు. బాలానగర్ బాబు వాడిన సీఆర్ షీట్ దానికన్నా శుభ్రమైనది, ఒకే మందం ఉన్నది. ఆ తేడా ఎలాగూ ఉంటుంది, ఒప్పుకుని ముందుకు వెళ్లడమే.


#16 · కొలిమి_బాలానగర్

అందరివీ రెండేసి సార్లు చదివాను. రైన్_తీరం అన్న మాట గట్టిగా తగిలింది. పగిలింది నా తప్పు వల్ల. దాని మీద రోమన్ అతుకు వేయను. ఎనిమిదీ తీసేస్తున్నాను, పెంబర్తి అన్న చెప్పిన వరుసలో మళ్లీ చేస్తాను. కళాయి వేయను. ఈ పెట్టెలో దొరికిన బందుల మీద తగరం ఉందని నేనెక్కడా చదవలేదు, అందం కోసం నేనే కలిపాను.

గోడపక్క అన్న మాట కూడా వదలను. పూర్తయ్యాక స్టాండుకు తగిలించి పెట్టను. తొడుక్కుని నడుస్తాను. వాడకంలో ఏది విరిగితే దాన్ని ఆ పెట్టెలోని పద్ధతిలోనే బాగు చేస్తాను, కొత్తది పెట్టను.

ఒక పాత బందును అట్టపెట్టెలో దాస్తున్నాను. పిల్లలెవరైనా పని నేర్చుకోవడానికి వస్తే భూతద్దం కింద చూపించడానికి.


#17 · గోడపక్క (న్యూకాజిల్)

ఇది నాకు నచ్చింది. తొడుక్కునే ముందు లోపల మందపాటి చొక్కా కుట్టించుకో. భుజాల మీద రెండు వేళ్ల మందం ఉన్ని ఉండాలి. 4వ శతాబ్దపు ఒక రచనలో కవచం కింద తొడిగే ఉన్ని చొక్కా ప్రస్తావన ఉంది. భుజం ఎత్తు లేకపోతే ఛాతీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ముందువైపు వి ఆకారంలో తెరుచుకుంటాయి. చాలామంది రేకులు తప్పు కోశామని మళ్లీ కోస్తారు, తప్పు చొక్కాది.


#18 · ఇత్తడిరేకు

80కి 20 రేకు మా దగ్గర కొంత మిగిలింది. పంపిస్తాను, డబ్బులు వద్దు. అయ్యాక ఫొటో పెట్టు చాలు.


#19 · కొలిమి_బాలానగర్

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి, ఆర్డర్లు ఎక్కువై మధ్యలో ఆరు వారాలు సుత్తి పట్టలేదు.

ఎనిమిది బందులూ అయ్యాయి. ఈ రేకు రంగే వేరు సార్, మీరన్నట్టు కాస్త ఎర్రగా ఉంది. మడిచేటప్పుడు చేతికే తెలిసింది, ఎదురు తిరగలేదు. రెండు నెలలు వానలో షెడ్డులోనే ఉంచి వారానికోసారి భూతద్దంతో చూశాను, ఒక్క గీత లేదు.

కవచం బరువు తోలుతో సహా 7 కిలోల 300 గ్రాములు. ఉన్ని చొక్కా మా అక్క కుట్టింది, పాత కంబళి రెండు పొరలు. ఒకటిన్నర నెలగా ప్రతి ఆదివారం పొద్దున తొడుక్కుని 5 కిలోమీటర్లు నడుస్తున్నాను. బరువు భుజాల మీద పడుతుందనుకున్నాను. నడుం దగ్గర దట్టీ గట్టిగా కడితే సగం అక్కడే ఆగుతోంది. వంగి చెప్పు వేసుకోగలను. చేతులు పైకెత్తితే రేకులు ఒకదాని కిందికి ఒకటి జారే చప్పుడు వస్తుంది, అది వినడానికే ఇంకో నాలుగుసార్లు ఎత్తాను.

ఇక అసలు విషయం. మొన్న ఆదివారం, ఆరో నడక. భుజానికి తగిలించిన బరువు సంచి తీస్తుంటే పట్టీ కుడి భుజం రేకు అంచుకు పట్టుకుని లాగింది. బందు చిరిగింది. చీలలేదు, చిరిగింది. పిన్ను చుట్టూ ఉన్న గొట్టం తెరుచుకుని బయటికి వచ్చేసింది. ఇది వాడకంలో పోయింది.

ఆ రాత్రే కూర్చున్నాను. బందు రెండు ముక్కలూ తీసేశాను. రెండు రేకుల అంచులు ఒకదాని మీద ఒకటి వేసి, పాత రంధ్రాల్లో ఒకదాన్నే పెద్దది చేసి, ఒక ఇత్తడి రివెట్టు కొట్టాను. మొత్తం పని 20 నిమిషాలు. బందు చేయడానికి పట్టింది రెండు రాత్రులు.

ఎడమ భుజం మీద బందు ఉంది, కుడి భుజం మీద రివెట్టు ఉంది. ఫొటో పెడుతున్నాను.


#20 · రైన్_తీరం (ఫ్రాంక్‌ఫర్ట్)

ఈ రివెట్టుకు నా పూర్తి ఒప్పుదల తమ్ముడూ. కుడి చెయ్యి ఇప్పుడు ఎంత పైకి లేస్తోంది? ఎడమదానితో పోల్చి కొలిచి చెప్పగలవా?


#21 · కొలిమి_బాలానగర్

ఇప్పుడే కొలిచాను అన్నా. గోడకు ఆనుకుని నిలబడి, చాక్‌పీసుతో గీత పెట్టాను. ఎడమ చేతికన్నా కుడిది నాలుగు వేళ్లు తక్కువ లేస్తోంది. ఒకే రివెట్టు కాబట్టి రేకు దాని చుట్టూ కొంచెం తిరుగుతోంది, అందుకే ఆ మాత్రమైనా లేస్తోంది. రెండు కొట్టి ఉంటే ఇంకా తగ్గేదేమో.


#22 · ఇత్తడిరేకు

ఫొటో చూశాను. రివెట్టు తల కొంచెం పక్కకు వాలింది. రాత్రిపూట తొందరలో కొట్టినట్టుంది. దాన్ని మళ్లీ సరిచేయకు, అలాగే ఉండనీ.